లంక భూమిలో కూరగాయల కౌలు సాగు: కార్డు, ఈ-పంట, వరద పరిహారం – నా అనుభవం

గోదావరి గౌతమీ పాయ మధ్యలో ఉన్న ఒక లంకలో (నది మధ్య దీవిలో) నేను 1.60 ఎకరాల భూమిని కౌలుకు తీసుకుని కూరగాయలు పండిస్తున్నాను. మెరకగా ఉన్న 70 సెంట్లలో దొండ పందిరి, దానికి ఆనుకుని 50 సెంట్లలో బెండ, రేవు వైపు పల్లంగా ఉన్న 40 సెంట్లలో వంగ వేస్తాను. ఇదే భూమిని మా నాన్న 22 ఏళ్లపాటు నోటిమాట మీద సాగు చేశారు. ఏటా ఉగాదికి కౌలు డబ్బు ముట్టజెప్పడం, కామందు గారు వచ్చినప్పుడు చేను చూపించడం తప్ప, ఆ ఇద్దరి మధ్య ఒక్క కాగితం కూడా ఉండేది కాదు. 2020లో మోకాళ్ల నొప్పులతో నాన్న చేలోకి దిగలేక సాగు నా చేతికి వచ్చాక, రాయితీ విత్తనానికి వెళ్లినా, పంట రుణానికి వెళ్లినా, "భూమి మీద నీ పేరున ఏముంది?" అన్న ప్రశ్నే ఎదురైంది. దానికి జవాబు సంపాదించుకోవడానికి నేను తిరిగిన తిరుగుడు, అందులో దక్కినవీ దక్కనివీ ఇక్కడ రాస్తున్నాను. మా లంకలో కూరగాయలు వేసే కౌలుదారుల్లో చాలామంది ఇప్పటికీ కాగితం లేకుండానే సాగు చేస్తున్నారు.

ముందుగా ఒక మాట చెప్పాలి. 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి డెల్టా అంటే వరి. కాలువకు నీరు వదిలే తేదీ, అప్పు ఇచ్చే తేదీ, పంట నమోదు గడువు, నష్టం లెక్కగట్టే పద్ధతి, అన్నీ సార్వా (ఖరీఫ్ వరి), దాళ్వా (రబీ వరి)లను చూసి ఏర్పడినవే. ఒకసారి నాటితే నాలుగు నెలలు కదలకుండా నిలబడి, ఒక్కసారి కోతకు వచ్చే పంటకు అవి బాగా సరిపోతాయి. బెండ విత్తిన 45 రోజులకు కాపుకు వస్తుంది, రోజు విడిచి రోజు కోయాలి, మూడు నెలలు దాటేసరికి చేను పీకేస్తాం. దొండ తీగ నాటితే రెండు మూడేళ్లు పందిరి మీదే ఉంటుంది. ఒకటి అధికారుల కంటపడేలోపే వెళ్లిపోయే పంట, మరొకటి ఏ కాగితం గడువులోనూ ఇమడని పంట. నాకు ఎదురైన ఇబ్బందులన్నింటికీ మూలం ఇక్కడే ఉంది.

మొదటి మెట్టు పంట సాగుదారు హక్కుల కార్డు. ఆంధ్రప్రదేశ్‌లో 2011 నుంచి కౌలుదారులకు రుణ అర్హత కార్డులు ఇచ్చేవారు. ఆ చట్టం స్థానంలో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. దాని ప్రకారం భూమి యజమాని, సాగుదారు ఒక ఒప్పంద పత్రం మీద గ్రామ రెవెన్యూ అధికారి ఎదుట సంతకాలు చేస్తే 11 నెలల గడువుతో కార్డు ఇస్తారు. ఆ కార్డు వల్ల పండిన పంట మీద, దానికి వచ్చే రుణం, బీమా, పరిహారం మీద సాగుదారుకు హక్కు ఉంటుంది. భూమి మీద మాత్రం ఎటువంటి హక్కూ రాదు. చట్టంలో ఈ సంగతి స్పష్టంగా ఉన్నా, దాన్ని యజమానికి నమ్మకం కలిగేలా చెప్పడం చాలా కష్టమైన పని.

మా కామందు గారు పోయిన తరువాత భూమి ఆయన భార్య పేరున ఉంది. ఆవిడ రాజమహేంద్రవరంలో కొడుకు ఇంట్లో ఉంటారు. 2021 మే నెలలో పత్రం పట్టుకుని వెళ్లినప్పుడు ఆవిడ నన్ను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, "నీ మీద నాకు అనుమానం లేదు నాయనా. కానీ కౌలుదారుకు కాగితం రాసి ఇవ్వొద్దని మావారు పోయేదాకా చెబుతూనే ఉండేవారు" అన్నారు. నేను బదులు చెప్పలేకపోయాను. ఆవిడ భయం ఈనాటిది కాదు, ఆ ఇంట్లో రెండు తరాలుగా ఉన్నది. రెండోసారి వెళ్లినప్పుడు వాళ్ల అబ్బాయి పత్రాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివి, "11 నెలల తరువాత మళ్లీ మేం సంతకం పెట్టకపోతే ఏమవుతుంది?" అని అడిగారు. కార్డు చెల్లదని చెప్పాను. ఆ జవాబు వారికి ధైర్యాన్నిచ్చింది కానీ, నాకు మాత్రం అప్పుడే మరో దిగులు పట్టుకుంది, ఎందుకంటే ఆ ఏడాది నేను పందిరికి పెట్టబోయే సరుగుడు బాదులు, వెదుర్లు, జీఐ తీగ కనీసం మూడేళ్ల కాపును నమ్ముకుని పెట్టే ఖర్చు. మూడోసారి వెళ్లేటప్పుడు మా గ్రామ రెవెన్యూ అధికారి చట్టం తెలుగు ప్రతిని ఇచ్చి, భూమి హక్కుల రికార్డులో కౌలుదారు పేరు ఎక్కించరన్న భాగం దగ్గర పెన్నుతో గీత గీసి పంపించారు. ఆ గీత చూసిన తరువాతే అమ్మగారు సంతకం చేశారు. మరో ఊళ్లో మరో అధికారి అంత శ్రద్ధ తీసుకోకపోతే నా పని అక్కడితో ఆగిపోయేది.

కార్డు 2021 జూన్‌లో చేతికి వచ్చింది. దానితో బ్యాంకుకు వెళితే, వ్యక్తిగతంగా కంటే మరో నలుగురు కౌలుదారులతో కలిసి ఒకరి అప్పుకు అందరూ పూచీపడే ఉమ్మడి బాధ్యతా బృందంగా వస్తే బాగుంటుందన్నారు. బృందం కట్టాం, కొద్దిపాటి రుణం వచ్చింది. కేంద్రం ఏటా ఇచ్చే 6,000 రూపాయల పీఎం కిసాన్ సాయం మాత్రం భూమి ఉన్న కుటుంబాలకే గనుక, కార్డు ఉన్నా అది నాకు వర్తించదు.

రెండో మెట్టు ఈ-పంట (ప్రభుత్వ ఆన్‌లైన్ పంటల జాబితా) నమోదు. కార్డు ఉన్నంత మాత్రాన ఏమీ జరగదని, ఏ సర్వే నంబరులో ఏ పంట ఎన్ని సెంట్లలో ఉందో ఆ సీజనులో నమోదైతేనే మిగతావన్నీ కదులుతాయని నాకు మొదటి ఏడాదిలోనే అర్థమైంది. గ్రామ ఉద్యాన సహాయకుడు చేలోకి వచ్చి, పంట ముందు నన్ను నిలబెట్టి, స్థలం వివరాలతో ఫొటో తీసుకుంటాడు. తరువాత రైతు భరోసా కేంద్రంలో (2024 నుంచి దాన్ని రైతు సేవా కేంద్రం అంటున్నారు) సాగుదారు వేలిముద్ర వేసి ధ్రువీకరించాలి. మా ఊరి సహాయకుడు ఉద్యాన డిప్లొమా చదివిన కుర్రవాడు, పని మీద భక్తి ఉన్నవాడు. అతని కిందనే మా లంకతో పాటు ఏటి గట్టున ఉన్న కొబ్బరి, అరటి తోటలన్నీ ఉన్నాయి. అతను లంకలోకి రావాలంటే పంటు (ఏరు దాటించే పడవ) ఎక్కాలి. పైగా వరి పొలం ఫొటో ఒక్కటి తీస్తే ఎకరాలకు ఎకరాలు నమోదవుతాయి, నా దగ్గర 1.60 ఎకరాలకు మూడు ఫొటోలు, మూడు నమోదులు కావాలి. అరటిలో కందను అంతర పంటగా వేసిన మా పక్క రైతు సంగతి ఇంకా చిక్కు: ఒకే భూమిలో ఉన్న రెండు పంటలకు విస్తీర్ణం ఎలా పంచాలో తేల్చుకోవడానికే వాళ్లిద్దరికీ ఒక పూట పట్టింది.

వేలిముద్ర గురించి కొంచెం వివరంగా చెప్పాలి. బెండకాయను తెల్లవారుజామున మంచు మీద కోస్తాం. కాయ మీద, తొడిమ మీద, ఆకు మీద సన్నని నూగు ఉంటుంది, అది చేతులకు గుచ్చుకుని దురద పెడుతుంది. రోజు విడిచి రోజు రెండేసి గంటలు కోసే చేతికి, నెల తిరిగేసరికి బొటనవేలు, చూపుడువేలు కొసల్లో చర్మం గరుకుగా మారి గీతలు చెరిగిపోతాయి. 2022 జూలై మొదటి వారంలో దొండ, వంగ నమోదు పూర్తయి, బెండ ధ్రువీకరణ దగ్గరకు వచ్చేసరికి యంత్రం నా వేళ్లను గుర్తుపట్టలేదు. పది వేళ్లూ ప్రయత్నించాం. కొబ్బరినూనె రాసి, తుడిచి మళ్లీ పెట్టాం. చివరికి సహాయకుడు, "రెండు మూడు రోజులు కోతకు వెళ్లకుండా వేళ్లకు విశ్రాంతి ఇచ్చి రండి అన్నా, పడుతుంది" అన్నాడు. కాపు మీద ఉన్న బెండను మూడు రోజులు కోయకపోతే కాయ ముదిరి నార పట్టి ఎవరూ కొనరు. అయినా ఒక కోతను మా ఆవిడకు అప్పగించి, తరువాతి సోమవారం వెళ్దామనుకున్నాను. ఆ సోమవారం నాటికి గోదావరి ఎర్రబడింది.

2022 జూలై వరదను డెల్టాలో ఎవరూ మరిచిపోలేరు. 1986, 2006 వరదల తరువాత మా తరం చూసిన పెద్ద నీరు అదే. జూలై 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. ధవళేశ్వరం బ్యారేజీ వద్ద 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. మూడోది ఎగురవేశాక కూడా నీరు పెరుగుతూనే పోయి 25 లక్షల క్యూసెక్కులు దాటి సముద్రంలోకి వెళ్లింది. పశువులను, ముసలివాళ్లను గట్టు మీదికి చేర్చాం. పల్లంలో ఉన్న వంగ కొనలు కూడా కనబడకుండా మునిగిపోయింది. బెండలో నడుము లోతు నీరు. మెరక మీద దొండ పందిరి కింద మోకాలి లోతున నాలుగు రోజులు నిలిచింది.

నష్టం లెక్కించే బృందం నీరు తీసిన నాలుగో రోజున మా లంకకు వచ్చింది. అంత త్వరగా రావడం వాళ్లు చూపిన బాధ్యత అని నేను ఇప్పటికీ అనుకుంటాను. నిబంధన ప్రకారం 33 శాతం, అంతకుమించి పంట పోతేనే పెట్టుబడి రాయితీ (పంట నష్టానికి ప్రభుత్వం ఇచ్చే పరిహారం) వస్తుంది. 2015కు ముందు ఆ పరిమితి 50 శాతంగా ఉండేది, దాన్ని తగ్గించడం రైతుకు మేలే చేసింది. వంగ చేలో ఒండ్రు కింద కర్రలు మాత్రమే మిగిలాయి గనుక అక్కడ రాసుకోవడానికి నిమిషం పట్టలేదు. బెండ దగ్గరకు వచ్చేసరికి, ఈ-పంటలో నమోదు లేదు గనుక జాబితాలో చేర్చలేమన్నారు. దొండ పందిరి మాత్రం ఆ రోజు పచ్చగా, పైన కాయలతో నిండుగా ఉంది. నష్టం పావువంతు లోపేనని రాసుకుని వెళ్లారు.

తీగజాతి కూరగాయ వరదకు వెంటనే చావదు. నీటిలో వేళ్లకు ఊపిరాడక కుళ్లడం మొదలైనా, మబ్బు పట్టి ఉన్నన్నాళ్లు ఆకు పచ్చగానే కనిపిస్తుంది. మబ్బు విడిచి ఎండ కాసిన రోజున, పైనుంచి ఎండ లాగే నీటిని కింది నుంచి వేళ్లు అందించలేక, పందిరి మొత్తం ఉడకబెట్టినట్టు వేలాడిపోతుంది. బృందం వెళ్లిన మూడో రోజున మా పందిరికి సరిగ్గా అదే జరిగింది. ఉదయం బాగానే ఉన్న తీగలు మధ్యాహ్నం రెండు గంటలకు వాలిపోయాయి. సాయంత్రం చల్లబడ్డాక కొన్ని తేరుకున్నట్టు కనిపించాయి. మర్నాడు ఎండకు మళ్లీ పడిపోయి ఇక లేవలేదు.

లబ్ధిదారుల ముసాయిదా జాబితాను అభ్యంతరాల కోసం గ్రామ సచివాలయంలో అంటించినప్పుడు నా పేరు ఎదురుగా వంగ 40 సెంట్లు మాత్రమే ఉంది. నేను రాతపూర్వకంగా అర్జీ ఇచ్చాను. బెండ, దొండ రెండూ అందులో రాశాను. దానితో పాటు నీరు దిగిన రోజున, ఎండ కాసిన రోజున, ఆ మర్నాడు ఒకే చోట నిలబడి ఫోనుతో తీసిన పందిరి ఫొటోలను తేదీలతో సహా అచ్చు వేయించి జత చేశాను. పునఃపరిశీలనకు వచ్చిన ఉద్యాన అధికారిని పందిరి కిందికి తీసుకువెళ్లి, ఒక తీగను మొదట్లో పట్టుకుని వేళ్లతో నొక్కాను. బెరడు తొడుగు ఊడినట్టు జారి చేతిలోకి వచ్చింది. లోపల కాండం గోధుమ రంగుకు తిరిగి, పులిసిన కుడితి వాసన వేసింది. ఆయన తానే మరో ఆరేడు మొదళ్లు నొక్కి చూసి, ఏమీ మాట్లాడకుండా కాగితం మీద రాసుకున్నారు. తుది జాబితాలో దొండ 70 సెంట్లు చేరింది. బెండ చేరలేదు.

వచ్చిన సొమ్ము కొత్త పందిరి వెదుర్లకు, తీగకు కూడా పూర్తిగా చాలలేదు. అయినా ఆ సొమ్ము భూమి యజమాని ఖాతాలో కాక, సాగు చేసిన నా ఖాతాలో పడింది. మా నాన్న చేసిన 22 ఏళ్లలో వరద వచ్చిన ప్రతిసారీ పరిహారం పట్టాదారు పేరుకే వెళ్లేది. కామందు గారు మంచివారు గనుక కొన్నిసార్లు అందులోంచి మాకు ఇచ్చేవారు. అది వారి దయ మీద ఆధారపడిన విషయం, ఇది కార్డు మీద ఆధారపడిన విషయం. ఈ తేడాకే నేను ఈ చట్టాన్ని గౌరవిస్తాను. యజమాని సంతకం మీదే మొత్తం ఆధారపడడం, 11 నెలల గడువు బహువార్షిక తీగ పంటకు సరిపోకపోవడం అన్న రెండు లోపాలు సవరించాలని కూడా అంతే గట్టిగా కోరుకుంటాను. కూరగాయల విషయంలో నష్టాన్ని ఒకసారి కాక, వారం పది రోజుల తేడాతో రెండుసార్లు చూడాలన్నది నా మూడో కోరిక. దానికి కొత్త చట్టం అక్కరలేదు, ఒక ఉత్తర్వు చాలు.

వరద తరువాత మళ్లీ విత్తిన బెండతో నాకు పురుగుమందుల నియంత్రణ వైపు నుంచి కూడా ఒక పాఠం మొదలైంది. ఉద్యాన శాఖ వారు నిర్వహించిన తోటబడిలో (రైతులకు చేలోనే నేర్పే తరగతిలో) మందు సీసాల మీది రంగు త్రికోణం విషతీవ్రత గురించి ఏం చెబుతుందో, మందు కొట్టిన తరువాత ఎన్ని రోజులకు కాయ కోయాలో మొదటిసారి శ్రద్ధగా విన్నాను. మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందును కూరగాయల మీద వాడకూడదని 2005లోనే నిషేధించారు. అయినా మా వైపు చాలా ఏళ్లు దుకాణంలో అడిగితే ఇచ్చేవారు, మేమూ అడిగేవాళ్లం. ఈ మాట రాయడానికి నాకు బాధగానే ఉంది, కానీ నిజం. దాని 36 శాతం ద్రావణాన్నే ఆపేస్తూ 2023లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. ఏ మందుకైనా కాయలో అవశేషం ఎంతకు మించకూడదో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిర్ణయిస్తుంది. ప్రత్యేకంగా పరిమితి పెట్టని మందులకు అది కిలోకు 0.01 మిల్లీగ్రాము.

సీసా మీద ఐదు రోజులు ఆగాలని ఉన్నప్పుడు, రోజు విడిచి రోజు కోసే బెండలో ఆగడమంటే రెండు కోతలు వదులుకోవడం. ఆ ముదిరిన కాయలను కోసి పారేయకపోతే చెట్టు కొత్త కాపు ఇవ్వదు గనుక, కూలి ఖర్చు ఎలాగూ తప్పదు. ఈ లెక్కను తోటబడిలో సూటిగా అడిగాను. అప్పుడు ఉద్యాన సహాయకుడు, అతనితో వచ్చిన శాస్త్రవేత్త మాకు చెప్పిన దారి: పసుపు రంగు జిగురు అట్టలతో తెల్లదోమను, దానితో వచ్చే పల్లాకు తెగులును ముందే అదుపులో పెట్టుకోవడం, వంగలో కొమ్మ, కాయ తొలిచే పురుగుకు లింగాకర్షక బుట్టలు (మగ రెక్కల పురుగులను వాసనతో ఆకర్షించి పట్టేవి) పెట్టి తలలు వాలిన కొమ్మలను తుంచి కాల్చేయడం, కాపు మొదలయ్యాక వేప నూనెకే ప్రాధాన్యం ఇచ్చి, తప్పనిసరైతే కోత కోసిన సాయంత్రమే మందు కొట్టి గడువు రోజులు కచ్చితంగా ఆగడం. అప్పటి నుంచి ఒక నోటు పుస్తకంలో ఏ తేదీన ఏ మందు, ఎంత మోతాదు, తరువాతి కోత ఎప్పుడు అన్నది రాస్తున్నాను. గడచిన ఏడాది బెండలో అలా వదులుకున్న కోతలు నాలుగు. మునుపు నెలకు నాలుగుసార్లు మందు కొట్టేవాణ్ణి కాబట్టి, మందు ఖర్చులో మిగిలినది ఆ నాలుగు కోతల నష్టాన్ని దాదాపుగా పూడ్చింది.

ఆ పుస్తకమే నన్ను రైతు బజారు దాకా తీసుకువెళ్లింది. రైతు బజార్లు మన రాష్ట్రంలో 1999 జనవరిలో మొదలయ్యాయి. దళారి లేకుండా రైతే అమ్ముకోవాలన్నది ఉద్దేశం గనుక, నిజంగా పండించేవారికే గుర్తింపు కార్డు ఇస్తారు. ధరను టోకు ధర కంటే సుమారు 25 శాతం ఎక్కువగా, బయటి చిల్లర ధర కంటే 25 శాతం తక్కువగా ఉండేలా ఏ రోజుకారోజు నిర్ణయించి బోర్డు మీద రాస్తారు. 2023లో నేను దరఖాస్తు చేసినప్పుడు సాగుదారు కార్డు, ఈ-పంట రశీదు, నోటు పుస్తకం మూడూ చూపించాను. రెవెన్యూ, ఉద్యాన సిబ్బంది చేను చూసి వెళ్లిన రెండు నెలలకు ఫొటోతో కార్డు వచ్చింది. అందులో నా పంటలు దొండ, వంగ అని ఉన్నాయి. అప్పటికి వంగ పీకేసి ఆ 40 సెంట్లలో బీర పెట్టాను. మొదటి రోజు బీరకాయల బుట్టలతో వెళితే, కార్డులో లేని పంటను అనుమతించలేమని గేటు దగ్గరే ఆపారు. దొండకాయలు మాత్రం అమ్ముకుని, బీరకాయలను టోకు మార్కెట్‌లో వేసి ఇంటికి వచ్చాను. వారి నిబంధన వెనుక ఉన్న కారణం నాకు తెలుసు: అది లేకపోతే మర్నాడే వ్యాపారులు రైతుల పేరుతో లోపలికి వస్తారు. కార్డులో పంటలు మార్పించుకోవడానికి మరో మూడు వారాలు పట్టింది. ఇప్పుడు పంట మార్చిన ప్రతిసారీ ఉద్యాన సహాయకుడితో ఒక ధ్రువీకరణ రాయించుకుని జేబులో పెట్టుకుని వెళుతున్నాను, దానితో గేటు దగ్గర ఇబ్బంది లేదు.

దొండకాయ టోకుగా కిలో 20 రూపాయలు పలికిన రోజున బజారులో నాకు 25 వస్తుంది. పంటు ఖర్చు, ఆటో ఖర్చు, సగం రోజు బల్ల దగ్గర కూర్చునే మనిషి కూలి పోగా, టోకు ధర కంటే కిలోకు రెండు రూపాయలు ఎక్కువ మిగులుతుంది. వారంలో మూడు రోజులు వెళతాను. మిగతా రోజుల్లో సరుకు టోకు మార్కెట్‌కే.

ఈ ఏడాది కార్డు గడువు తీరడానికి నెల ముందే అమ్మగారి దగ్గరకు వెళ్లాను. పత్రం చదవమని కూడా అడగకుండా సంతకం చేసి, చేలో దొండ ఎలా ఉందని అడిగారు. ఖరీఫ్ నమోదు మొదలైన వారంలోనే ఉద్యాన సహాయకుణ్ణి పంటు మీద తీసుకువచ్చి, బెండ రెండాకుల మీద ఉండగానే ఫొటో తీయించాను. కోతలు మొదలుకాక ముందే గనుక బొటనవేలు మొదటిసారికే పడింది. రశీదులో దొండ 0.70, బెండ 0.50, వంగ 0.40 అని వరుసగా మూడు పంటలూ ఉన్నాయి.